ఏ ఆకు ఎన్నాళ్ళకి చివుకుతుంది? కానుగ, వేప, టేకు, జామాయిల్ ఆకుల్ని హైదరాబాద్‌లో మన చేత్తోనే కొలిచి చూసే పద్ధతి

మార్చి నెల వచ్చిందంటే మా కాలనీలో పొద్దున్నే చీపురు చప్పుడు మొదలవుతుంది, కానుగ చెట్ల కింద అడుగు మందాన ఆకు రాలి ఉంటుంది, దాన్నంతా ఊడ్చి మూలకి పోగేసి అగ్గిపుల్ల గీస్తారు. నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అది చెత్త కాదండీ, చెట్టు సంవత్సరమంతా నేలలోంచి లాగి దాచుకున్నది మళ్ళీ నేలకి తిరిగిచ్చే బాకీ అది. ఇంకో బాధేంటంటే మనం రాలిన ఆకులన్నిటినీ ఒకే గంపలో వేసేస్తాం, కానుగాకూ అంతే టేకాకూ అంతే అన్నట్టు. మన తాతలు అట్లా అనుకోలేదు. వరి మడిలో తొక్కడానికి కానుగ కొమ్మలు కొట్టుకొచ్చేవాళ్ళు, అన్నం పెట్టుకోవడానికి మోదుగాకు విస్తరి కుట్టేవాళ్ళు, బీడీ చుట్టడానికి తునికాకు కోసేవాళ్ళు. ఏ ఆకు తొందరగా మురుగుతుందో ఏది నెలల తరబడి అట్లనే ఉంటుందో వాళ్ళకి చెయ్యి పెడితే తెలుసు. మనం దాన్నే కొంచెం తూకం వేసి, లెక్క కట్టి చూద్దాం: రాలిన ఆకుని తూచి వల సంచిలో కుట్టి, నేల మీద పరిచి, కొన్నాళ్ళకోసారి తీసి ఎంత మిగిలిందో మళ్ళీ తూస్తాం. ఒక వానాకాలం చాలు, ఖర్చు కూడా పెద్దగా లేదు, దోమతెర గుడ్డ, నైలాన్ దారం, బంగారం షాపుల్లో వాడే లాంటి చిన్న పాకెట్ వెయింగ్ మెషీన్, అంతే.

అసలు ఏం కొలుస్తున్నాం

ఆకు చివకడం మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఆకు ఎలాంటిది, పడిన చోటు ఎలాంటిది, ఆ చోట తినేవాళ్ళు ఎవరున్నారు.

ఆకు సంగతి ముందు. ఆకులో నత్రజని ఎక్కువుంటే సూక్ష్మజీవులకి అది పప్పన్నం, లిగ్నిన్ ఎక్కువుంటే అది చెక్క నమిలినట్టు. లిగ్నిన్ అంటే చెట్టుకి గట్టిదనం ఇచ్చే పదార్థం, దాన్ని పూర్తిగా విరగ్గొట్టగలిగేవి ముఖ్యంగా కొన్ని రకాల బూజులే. అందుకే ఆకులో లిగ్నిన్ ఎంత, నత్రజని ఎంత అనే నిష్పత్తి చూస్తే చివికే స్పీడు చాలావరకు ముందే చెప్పొచ్చని 1982 నుంచీ శాస్త్రవేత్తలు చెప్తున్నారు. కానుగ, గ్లైరిసిడియా, సుబాబుల్ లాంటివి చిక్కుడు జాతి చెట్లు, వేళ్ళ బుడిపెల్లో బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి కాబట్టి ఆకులు మెత్తగా, బలంగా ఉంటాయి. అట్లాగని చిక్కుడు జాతి అనగానే తొందరగా కుళ్ళుతుందని అనుకోకండి, మోదుగ కూడా అదే జాతి కానీ దాని ఆకు తోలులా ఉంటుంది, అందుకే కదా విస్తరైంది. ఇక జామాయిల్ ఆకులో నూనె, మైనం, టానిన్లు (వగరు పుట్టించే పదార్థాలు) అన్నీ ఉంటాయి, టానిన్లు ప్రోటీన్లని కట్టి పడేస్తాయి కాబట్టి పురుగూ వానపామూ దాని జోలికి తొందరగా పోవు.

2008లో ఆరు ఖండాల్లో చేసిన ప్రయోగాల్ని ఒకచోట చేర్చి, 818 జాతుల మొక్కల మీద లెక్క చూస్తే ఒకే రకం వాతావరణంలో పెట్టినా జాతిని బట్టి చివికే వేగంలో దాదాపు 18 రెట్ల తేడా కనిపించింది. అంతకుముందు ప్రపంచం మొత్తం మీద చూస్తే వానా ఎండల పాత్రే ఎక్కువని చాలామంది అనుకునేవాళ్ళు.

కానీ మన హైదరాబాద్ లాంటి చోట ఒక మెలిక ఉంది. మనది ఏడాదికి 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఆకులేమో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో రాలతాయి. అంటే కానుగాకు ఎంత మంచిదైనా రెండు మూడు నెలలు ఎండలో కరకరలాడుతూ వాన కోసం కూచోవాల్సిందే. ఆ ఎండాకాలంలో కూడా పని పూర్తిగా ఆగదు, సూర్యరశ్మి లిగ్నిన్‌ని కొంత పగలగొడుతుంది, చెదలు నేల కిందినుంచి మట్టి పొర కట్టుకుంటూ వచ్చి తినేస్తాయి, కానీ అసలు పని మొదటి వానతోనే. నేను చెప్పేది ఇదే, ఎప్పుడు మొదలవ్వాలో వాన చెప్తుంది, మొదలయ్యాక ఎంత తొందరగా అవ్వాలో ఆకు చెప్తుంది.

ఆకులు ఎట్లా సేకరించాలి

నాలుగు జాతులు ఎంచుకోండి. నేనైతే కానుగ, వేప, టేకు, జామాయిల్ అంటాను, నాలుగూ మన ఊళ్ళో దొరుకుతాయి, నాలుగూ నాలుగు రకాలు. వేప చేదు కదా పురుగు ముట్టదేమో అని చాలామంది అడుగుతారు, కానీ వేపలో పురుగుల్ని తరిమే ఆ ముఖ్యమైన పదార్థం ఎండకి విరిగిపోతుంది, ఆకు రెబ్బలు చిన్నవి, పలచన, కాబట్టి వేపాకు అనుకున్నంత మొండిది కాదు.

చెట్టు మీది పచ్చాకు కొయ్యకండి. ఇది చాలామంది చేసే తప్పు. చెట్టు ఆకుని రాల్చే ముందు దాంట్లోని నత్రజనిలో దాదాపు సగం వెనక్కి లాక్కుంటుంది, అందుకే పసుపు రంగుకి తిరుగుతుంది. పచ్చాకు పెడితే అది రాలిన ఆకు కంటే తొందరగా చివుకుతుంది, మీ లెక్కంతా తప్పుతుంది. నేల మీద ఎప్పటినుంచో పడున్న ఆకులు కూడా వద్దు, వాటి పని అప్పటికే మొదలై ఉంటుంది. రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి, పొద్దున ఊడ్చేవాళ్ళు రాకముందే మడత పెట్టి తెచ్చుకోండి. వారం చేస్తే ఒక్కో జాతికి అరకిలో దాకా ఈజీగా వస్తుంది.

కేబీఆర్ పార్క్‌లోనో చిల్కూరు దగ్గర మృగవనిలోనో ఏరుకొద్దాం అనుకోకండి ప్లీజ్. అవి నేషనల్ పార్కులు, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అక్కడి నుంచి అనుమతి లేకుండా ఆకు కూడా తేకూడదు. మీ వీధి, మీ అపార్ట్‌మెంట్, మీ కాలేజీ క్యాంపస్ చాలు.

తెచ్చిన ఆకుల్ని నీడలో, ఫ్యాన్ కింద వారం పది రోజులు ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో పెట్టొద్దు.

సంచి కుట్టడం, తూకం వెయ్యడం

ఈ ఆకు సంచి పద్ధతి 1957 నుంచి ప్రపంచమంతా వాడుతున్నదే, ఇంతవరకు దీనికంటే సులువైనది రాలేదు. 20 సెంటీమీటర్ల చదరం నైలాన్ దోమతెర గుడ్డ, కన్ను ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. ఈ కన్ను సైజు ముఖ్యం ఎందుకంటే మరీ సన్నగా ఉంటే చిన్న పురుగులు లోపలికి రావు, బూజు, బాక్టీరియా మాత్రమే పని చేస్తాయి, మరీ పెద్దగా ఉంటే చివకకుండానే ముక్కలు బయటికి జారిపోతాయి. వీలైతే కొన్ని సంచులకి పైవైపు మాత్రం కొంచెం పెద్ద కన్ను ఉన్న వల వేసి చూడండి, రోకలిబండలు, వానపాములు లోపలికి వస్తే ఎంత తేడా ఉంటుందో తెలుస్తుంది.

దారం నైలాన్‌దే ఉండాలి. మొదటిసారి నేను ఇంట్లో ఉన్న నూలు దారంతో కుట్టాను, ఆగస్టు కల్లా ఆకుతో పాటు దారమూ చివికిపోయి సగం సంచులు నోరు తెరుచుకున్నాయి, మూడు నెలల పని పోయింది. పేరు చీటీ విషయంలోనూ అంతే, పెన్నుతో రాసింది వానకి నిలవదు. కూల్‌డ్రింక్ అల్యూమినియం క్యాన్‌ని చిన్న పట్టీలుగా కత్తిరించి మేకుతో నంబర్ గీకి సంచిలో వేసెయ్యండి, అది చెరగదు.

ఒక్కో సంచిలో సరిగ్గా 10 గ్రాములు. టేకాకు పెద్దది కాబట్టి అరచేతంత ముక్కలు చెయ్యండి, నలపొద్దు.

ఎన్ని సంచులు? నాలుగు జాతులు, రెండు చోట్లు, నాలుగు సార్లు తియ్యడం, ప్రతిసారి మూడేసి, మొత్తం 96. పిల్లలతో చేస్తుంటే మూడు జాతులు, రెండు చోట్లు, మూడు సార్లు, మూడేసి, 54తో సరిపెట్టుకోవచ్చు. మూడు కంటే తగ్గించకండి, ఎందుకంటే ఒక సంచిలో చెదలు పడతాయి పక్కదాంట్లో పడవు, ఒక్కటే పెడితే ఏది నిజమో తెలీదు. ఇంకో నాలుగు సంచులు అదనంగా తయారుచేసి చోటుకి తీసుకెళ్ళి అదే రోజు వెనక్కి తెచ్చి తూచండి, దారిలో ఎంత పొడి రాలిపోతుందో తెలుస్తుంది, దాన్ని అన్ని సంచుల మొదటి బరువులోంచి తీసెయ్యాలి.

తేమ గొడవ ఒకటుంది, దీన్ని వదిలేస్తే మాత్రం లెక్క నిలబడదు. మే నెలలో తూచిన ఎండుటాకులో తేమ తక్కువ, ఆగస్టులో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఎంత ఆరబెట్టినా ఆకు నీళ్ళు పట్టుకునే ఉంటుంది. ల్యాబ్ అందుబాటులో ఉంటే 60 - 65 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు పెట్టి పొడి బరువు తీసుకోండి. 10 గ్రాముల నమూనా 9.2 అయిందంటే మీ ప్రతి సంచిలో అసలు పొడి ఆకు 9.2 గ్రాములన్నమాట. ఓవెన్ లేకపోతే ఒక్కో జాతిది 10 గ్రాముల సంచి ఇంట్లోనే గోడకి వేలాడదీసి ఉంచండి, తెచ్చిన సంచుల్ని కూడా దాని పక్కనే ఆరబెట్టండి, తూచే రోజు ఇంటి సంచి 10.6 చూపిస్తే తెచ్చిన ఆకుల బరువుని 1.06తో భాగించండి. పక్కా కాదు గానీ పనికొస్తుంది.

ఎక్కడ పెట్టాలి: అడవి రకం తేడా ఇక్కడే తెలిసేది

రెండు చోట్లు ఒకదానికొకటి పూర్తిగా వేరుగా ఉండాలి. ఒకటి ఒకే జాతి తోట, ఉదాహరణకి జామాయిల్ తోట. ఇంకోటి రకరకాల చెట్లు, పొదలు కలిసిన చోటు, మర్రి, నిద్రగన్నేరు లాంటి గొడుగు చెట్టు నీడ ఉంటే ఇంకా మంచిది. రెండిట్లో తేడా ఏంటో మధ్యాహ్నం పన్నెండింటికి పోయి నేల మీద చెయ్యి పెట్టి చూడండి. జామాయిల్ ఆకులు నిలువుగా వేలాడతాయి, ఎండ తిన్నగా నేలకి దిగుతుంది, నేల కాలుతూ ఉంటుంది. నిద్రగన్నేరు కింద అదే టైంలో ఆకు పొర ఎత్తితే అడుగున చల్లగా, చెమ్మగా తగులుతుంది, రోకలిబండ ఒకటి చుట్ట చుట్టుకుని కనబడుతుంది. చెట్టు తన ఆకుని ఇవ్వడమే కాదు, ఆ ఆకు చివికే గది కూడా తనే కడుతుంది.

పెద్ద లెక్కలో చూసుకుంటే మన కవ్వాల్ వైపు టేకు అడవులు, అమ్రాబాద్ వైపు నల్లమల అడవులు ఎక్కువగా ఆకురాల్చే పొడి అడవులు. ఆకులు ఒక సీజన్ కోసం చేసినవి కాబట్టి చాలా జాతుల్లో పలచన, కానీ నేల ఎండాకాలమంతా పొడి, పైగా అప్పుడే నిప్పు అంటుకునే ప్రమాదం, చివకాల్సిన ఆకు బూడిదై దాంట్లోని నత్రజని చాలావరకు గాలిలో కలిసిపోతుంది. పడమటి కనుమల్లో నిత్యం పచ్చగా ఉండే అడవిలో దీనికి రివర్స్, ఆకు చాలాకాలం బతకాలి కాబట్టి మందం, మైనం పూత, కానీ చోటు తడి కాబట్టి పని ఎక్కువ నెలలు నడుస్తుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో ఇంకో కథ, అలల నీళ్ళకే ఆకులోని కరిగే పదార్థం బయటికొచ్చేస్తుంది, పీతలు ఆకుల్ని బొరియల్లోకి లాక్కెళ్తాయి, బురదలో కూరుకుపోయిన ఆకు మాత్రం గాలి ఆడక చాలా నెమ్మదిగా మురుగుతుంది. కాబట్టి అడవి పేరొక్కటే విని అక్కడ ఆకు ఎంత తొందరగా చివుకుతుందో చెప్పలేం, ఆకూ చోటూ కలిపి చూడాల్సిందే.

ఇంకో విచిత్రం, ఏ ఆకైనా తన చెట్టు కింద పెడితే పరాయి చెట్టు కింద కంటే కొంచెం తొందరగా చివికే ధోరణి ఉంది, అక్కడి నేలలోని జీవులకి ఆ తిండి అలవాటై ఉంటుంది. తేడా పెద్దది కాదు, అన్నిసార్లూ కనబడదు కూడా, కానీ మీ జామాయిల్ ఆకు జామాయిల్ తోటలో ఎట్లా ఉందో, నిద్రగన్నేరు కింద ఎట్లా ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే వేడి నేల గెలిచిందా అలవాటు గెలిచిందా అన్నది మీ కళ్ళకే తెలుస్తుంది.

జూన్ మొదటి వారంలో, వాన పడకముందే పెట్టెయ్యండి. నేల మీది పాత ఆకు పక్కకి జరిపి, సంచి మట్టికి తగిలేలా పరిచి, నాలుగు మూలలా వంచిన ఇనుప తీగ గుచ్చండి. స్థలం ఓనర్ పర్మిషన్ తీసుకోండి, ఊడ్చేవాళ్ళకి మనిషి మనిషికీ చెప్పండి, బోర్డు ఒక్కటే చాలదు. ఒక ఏడాది మా సంచులు ఆరు చీపురుకి పోయాయి, తప్పు వాళ్ళది కాదు, మేం వాచ్‌మన్‌కి చెప్పి ఊరుకున్నాం, ఊడ్చే అమ్మకి చెప్పలేదు.

తియ్యడం, శుభ్రం చెయ్యడం

15, 45, 90, 150 రోజులకి తియ్యండి. మొదటి 15 రోజుల సంచి తప్పనిసరి, ఎందుకంటే మొదటి వానలకే ఆకులోని చక్కెరలు, కరిగే పదార్థాలు టీ డికాక్షన్ దిగినట్టు దిగిపోతాయి, ఆ పడిపోయే బరువు చాలావరకు సూక్ష్మజీవులు తిన్నది కాదు, కడుక్కుపోయింది. ఆ తర్వాత సెల్యులోజ్ (ఆకులోని పీచు పదార్థం) పని, చివరికి మిగిలేది లిగ్నిన్, అందుకే పోను పోను స్పీడు తగ్గుతుంది.

ఒక్కో సంచిని వేరే పేపర్ కవర్‌లో తెచ్చి, తెల్ల కాగితం మీద విప్పి, మెత్తని పెయింట్ బ్రష్‌తో మట్టి దులపండి. నీళ్ళతో కడగొద్దు. మన ఎర్ర చల్క నేల ఆకుకి పట్టిందంటే వదలదు, ఆ మట్టి బరువే ఆకు బరువనుకునే ప్రమాదం ఉంది, ఓపిగ్గా దులపాలి. లోపలికి పాకిన సన్న వేళ్ళు, గడ్డి ఏరెయ్యండి.

90 రోజుల కానుగ సంచి విప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. ఆకు కండంతా పోయి ఈనెలు మాత్రం మిగిలాయి, వెలుగుకి ఎత్తి చూస్తే సన్న లేసు అల్లినట్టుంది, వాసన వానకి తడిసిన మట్టి వాసనే, కుళ్ళు వాసన లేదు. పక్కనే టేకు సంచి, ఆకు నల్లబడింది గానీ గరుకు అట్లనే ఉంది, గోరుతో గీరితే గరగరమంది, మధ్య ఈనె వంచితే టప్పున విరిగింది, అక్కడక్కడా తెల్ల బూజు దారాలు మాత్రం ఆకు మీద పాకి ఉన్నాయి. రెండూ ఒకే రోజు ఒకే చెట్టు కింద పెట్టినవి.

లెక్క

ఫోన్ క్యాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ఎల్‌ఎన్ (ln, అంటే నేచురల్ లాగరిథమ్) అనే బటన్ కనబడుతుంది, అంతే కావాల్సింది. 1963 నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఇది: మిగిలిన బరువుని మొదటి బరువుతో భాగించి, దాని ఎల్‌ఎన్ తీసి, మైనస్ గుర్తు తీసేసి, రోజులతో భాగిస్తే వచ్చేది చివికే రేటు. 0.693ని ఆ రేటుతో భాగిస్తే సగం చివకడానికి పట్టే రోజులు. ఉదాహరణకి (ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు మాత్రమే) ఒక ఆకు 9.2 గ్రాముల నుంచి 90 రోజుల్లో 3.9కి వచ్చిందనుకోండి, 0.424, దాని ఎల్‌ఎన్ 0.858, రేటు రోజుకి 0.0095, సగానికి 73 రోజులు. ఇంకోటి 6.8 దగ్గరే ఆగితే రేటు 0.0034 లోపు, సగానికి 206 రోజులు. ఐతే ఆ 206 అన్నీ వానాకాలం రోజులైతేనే, అక్టోబర్ దాటి నేల ఎండిపోతే ఆ ఆకు పని ఆగినట్టే అవుతుంది, మళ్ళీ వచ్చే జూన్‌కే కదులుతుంది. అందుకే టేకువి, జామాయిల్‌వి నాలుగు సంచులు ఎక్కువ పెట్టుకుని రెండో వానాకాలం దాకా ఉంచండి.

చోటు తేడా ఒక్కటే చూడాలనుకునే స్కూలు పిల్లలకి దీనికంటే సులువైనది టీ బ్యాగుల పద్ధతి, 2013లో వచ్చింది. గ్రీన్ టీ బ్యాగు, రూయిబోస్ (దక్షిణాఫ్రికా ఎర్ర టీ) బ్యాగు, రెండూ చివకని సింథటిక్ వల బ్యాగులే అయ్యుండాలి, తూచి 8 సెంటీమీటర్ల లోతులో పాతి 90 రోజులకి తీస్తారు. గ్రీన్ టీ కానుగాకు లాగా తొందరగా పోతుంది, రూయిబోస్ టేకాకు లాగా నిలుస్తుంది.

దీన్ని కాలనీలో ఎట్లా వాడుకోవాలి

రెండు కుప్పలు వెయ్యండి. కానుగ, వేప, గ్లైరిసిడియా లాంటివి ఎరువు కుప్పలోకి, టేకు, జామాయిల్, మామిడి లాంటి మొండి ఆకులు మొక్కల మొదళ్ళలో నేల మీద కప్పడానికి. మొండి ఆకుని మట్టిలో కలిపి తవ్వేస్తే మాత్రం మొక్కలు పసుపెక్కుతాయి, దాన్ని తినే బూజూ బాక్టీరియా నత్రజని చాలక మట్టిలోది లాక్కుంటాయి కాబట్టి. పైన కప్పితే ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు, తేమ కూడా నిలుస్తుంది. ఎరువు కుప్పలో కొంచెం మొండి ఆకు కలపాలంటే కానుగతో పొరలు పొరలుగా వేసి తడపండి, కలిసి ఉన్నప్పుడు మొండి ఆకులు కూడా చాలాసార్లు కాస్త తొందరగానే దారికొస్తాయి, మెత్త ఆకు నత్రజని ఇస్తుంది, గట్టి ఆకు కుప్పలో గాలి ఆడేలా చూస్తుంది. కుప్ప నీడలో ఉండాలి, మార్చి నుంచి మే దాకా వారానికి రెండుసార్లు తడపాలి, అంటే వానని మనమే మూడు నెలలు ముందు తెచ్చినట్టు.

నవంబర్‌లో తీసిన సంచుల్ని ఉతికి ఆరేసి దాచిపెట్టుకోండి, నైలాన్‌వి కదా ఇంకో రెండేళ్ళు వస్తాయి, ఫిబ్రవరి చివరికల్లా వేప రాలడం మొదలవుతుంది.